తోక ఊడినా అది రాకెట్ తోక డ్రోంగోనే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నల్లమలలో తెల్లవారుజామున నడుస్తుంటే మైనా కన్నా పెద్దదిగా, నిగనిగలాడే నల్లటి పిట్ట ఒకటి కనిపించింది. అది ఎగిరినప్పుడు వెనక రెండు నల్లటి ఉండలు, దేనికీ అంటుకోనట్టు, తేలుతూ వెళ్లాయి. కాసేపటికి అదే చెట్టు మీంచి డేగ అరుపు వినిపించింది. తలెత్తి చూస్తే డేగ లేదు, ఆ నల్లపిట్టే ఉంది. మర్నాడు అదే చోట తీసిన ఇంకో ఫొటోలో అలాంటి పిట్టే ఉంది కానీ ఉండలు లేవు. మీ మిత్రుడేమో "ఇది మన చేలల్లో తిరిగే పసులపోలిగాడే" అని తేల్చేశాడు. రెండు ఫొటోల్లోదీ ఒకే జాతా, మిత్రుడి మాట నిజమేనా, డేగలా అరిచింది ఆ పిట్టేనా అని మీ సందేహాలు.

మొదటిది పెద్ద రాకెట్ తోక డ్రోంగో. డ్రోంగోలంటే పసులపోలిగాడి కుటుంబపు పిట్టలు. ఇందులో అనుమానమే లేదు, ఆ ఉండలతో మన అడవుల్లో తిరిగే నల్లపిట్ట ఇంకొకటి లేదు. రెండో ఫొటోలోదీ అదే అయ్యుండాలి. ఎందుకో కింద చెప్తాను. మీ మిత్రుడు సగం కరెక్టు. పసులపోలిగాడు దీని దాయాది, అంతేగానీ ఇది అది కాదు. ఇక డేగ అరుపు అరిచింది ఆ పిట్టే. అసలు ఈ మూడో ప్రశ్న గురించే ఎక్కువ రాయాలనుంది. ఈ పిట్టను చూసినవాళ్లంతా తోక దగ్గరే ఆగిపోతారు. ఇరవై ఏళ్లుగా అడవుల్లో తిరుగుతూ నాకు అర్థమైందేంటంటే, దీని గొప్పంతా గొంతులో ఉంది.

అయినా తోకతోనే మొదలుపెడదాం, ఎందుకంటే గందరగోళం మొదలయ్యేది అక్కడే. ముందు పేరు సంగతి. ఇక్కడ రాకెట్ అంటే శ్రీహరికోట నుంచి ఎగిరేది కాదు, టెన్నిస్ ఆడే బ్యాటు. పొడుగాటి పిడి, చివర గుండ్రటి తల. ఈ పిట్ట తోకలో అన్నిటికన్నా బయట ఉండే రెండు ఈకలు సరిగ్గా అలాగే ఉంటాయి. ఈక మధ్యలో ఈనె ఉంటుంది కదా, దానికి రెండు వైపులా ఉండాల్సిన నారలు చాలా దూరం వరకు ఉండవు. ఒట్టి ఈనె సన్నటి తీగలా సాగి, చివర మాత్రం నల్లటి బిళ్ళలా నారలు మిగులుతాయి. అడవి నీడలో ఆ తీగ కంటికి ఆనదు, బిళ్ళలు మాత్రమే కనిపిస్తాయి. అందుకే మీకు "దేనికీ అంటుకోనట్టు" అనిపించింది.

దగ్గర్నుంచి చూస్తే ఇంకో తమాషా ఉంది. ఆ బిళ్ళ ఈనెకు బయటి పక్కన ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది లోపలి పక్క నారలతో తయారైందే. బిళ్ళ మొదలయ్యే చోటికి కాస్త పైన ఈనె మెలి తిరుగుతుంది, దాంతో లోపలి పక్క కాస్తా బయటికి వస్తుంది. ఎగిరేటప్పుడు బిళ్ళ గిరగిరా ఊగడం చూసే ఉంటారు. ఒక్కోసారి సన్నగా ఝుమ్మనే చప్పుడు కూడా వస్తుంది. పిట్టను రెండు పెద్ద తుమ్మెదలు తరుముతున్నట్టు ఉంటుంది. హిందీలో దీన్ని భీమ్‌రాజ్ అనీ భృంగరాజ్ అనీ అంటారు. భృంగమంటే తుమ్మెదే కదా. పేరు పెట్టినవాళ్ల మనసులో ఏముందో గానీ, ఒకసారి ఆ ఎగరడం చూశాక నాకు ఆ పేరు అతికినట్టు సరిపోయింది. గుంటగలగరాకును కూడా భృంగరాజమనే అంటారు కాబట్టి ఇంటర్నెట్‌లో ఆ మాట వెతికితే తలనూనె ప్రకటనలు వచ్చిపడతాయి, జాగ్రత్త.

ఇప్పుడు మీ రెండో ఫొటో. ఈకలు శాశ్వతం కాదు. ప్రతి పక్షీ పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది. ఈ పిట్ట కూడా ఆ తీగలను రాల్చుకుంటుంది, ఒక్కోసారి ముళ్లకో కొమ్మలకో తగిలి విరగ్గొట్టుకుంటుంది. ఒక తీగతో తిరిగేవి, తీగ ఉండి బిళ్ళ లేనివి, రెండూ లేనివి నేను లెక్కలేనన్ని చూశాను. గూడు దాటిన కొత్తలో పిల్లలకు ఆ తీగలుండవు. కాబట్టి తీగలుంటే అది రాకెట్ తోకే, లేనంత మాత్రాన కాకుండా పోదు. తోక ఒక్కటే గుర్తుగా పెట్టుకున్నవాళ్లు ఏడాదిలో సగం రోజులు దీన్ని వేరే పిట్టనుకుంటారు.

మరి దేన్ని చూడాలి? నుదుటిని. ముక్కు మొదట్లోంచి ఈకలు పైకి లేచి, వెనక్కి వంగి, ఒక కుచ్చులా ఉంటాయి. మన వైపు అడవుల్లో ఈ కుచ్చు మరీ పెద్దది కాదు, కానీ పక్కనుంచి చూస్తే నుదురు ఎత్తుగా, దువ్వెన పెట్టని జుట్టులా స్పష్టంగా తెలుస్తుంది. హిమాలయాల వైపు వెళ్తే ఈ కుచ్చు భారీగా, వెనక్కి వాలి ఉంటుంది. తూర్పుగా, దక్షిణంగా దీవుల వైపు పోయేకొద్దీ తగ్గుతూ వస్తుంది. బోర్నియోలో ఉండే రకానికి ఇంచుమించు కుచ్చే ఉండదు. ఒకే జాతి, హిమాలయాల నుంచి బోర్నియో, జావా దాకా పరుచుకుని, ఒక్కోచోట ఒక్కో వేషం వేసింది. అండమాన్‌లో ఒక ఉపజాతి, నికోబార్‌లో ఇంకో ఉపజాతి. అందుకే పుస్తకంలో బొమ్మ ఏ ప్రాంతపు పిట్టను చూసి వేసిందో కూడా గమనించాలి. మీ రెండో ఫొటోలో నుదురు కాస్త మసకగా ఉన్నా ఎత్తు తెలుస్తోంది. ముక్కు బలంగా, బరువుగా ఉంది. నిజమైన తోక చివర చీలిక మరీ లోతుగా లేదు. ఈ మూడూ కలిశాయి కాబట్టే అది కూడా రాకెట్ తోకే అంటున్నాను.

ఈ పిట్ట విషయంలో పొరబడినవాళ్లలో మీరు మొదటివారేం కాదు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ 1766లో ఈ పిట్టకు పేరు పెడుతూ దీన్ని తీసుకెళ్లి కోకిలల్లో కలిపాడు. అలా మొదటి పేరు కుకులస్ పారడైసియస్. కుకులస్ అంటే కోకిలల ప్రజాతి. తర్వాత దాన్ని డైక్రూరస్‌లోకి మార్చారు. గ్రీకులో ఆ మాటకు చీలిన తోక అని అర్థం. పారడైసియస్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ పేరు చూసి తోక పిగిలిపిట్టతో కలిపేసుకునేవాళ్లున్నారు, దాని శాస్త్రీయ నామంలో పారడైసీ ఉంటుంది మరి. అది తెల్లటి రిబ్బన్ల తోకతో ఎగిరే వేరే కుటుంబపు పక్షి.

లిన్నేయస్ పొరపాటుకు ప్రకృతి ఒక ఎదురు హాస్యం చేసింది. డ్రోంగోను ఆయన కోకిల అన్నాడు. నిజంగానే ఒక కోకిల ఉంది, అది డ్రోంగో వేషం వేసుకుని తిరుగుతుంది. దాన్ని డ్రోంగో కోకిల అంటారు. ఒళ్లంతా నలుపు, తోక చివర చీలిక. శాస్త్రీయ నామంలోనే డైక్రూరోయిడిస్, అంటే డ్రోంగో లాంటిది, అని ఉంది. కానీ ముక్కు సన్నగా, కాస్త కిందికి వంగి ఉంటుంది. తోక కింద తెల్లటి చారలుంటాయి. ఈలలు మెట్లెక్కినట్టు ఒకదాని మీద ఒకటి పెంచుకుంటూ పోతుంది. ఇది గుడ్లు పెట్టేది డ్రోంగో గూట్లో కాదు, పొదల్లో తిరిగే చిన్న చిన్న బాబ్లర్ పిట్టల గూళ్లలో. మరి డ్రోంగో వేషం ఎందుకంటే, డ్రోంగోకున్న పేరు అలాంటిది, దాని జోలికెవరూ పోరు. ఆ భయాన్ని ఇది అరువు తెచ్చుకుందని ఒక ఊహ.

ఆ పేరు ఎలాంటిదో పసులపోలిగాడిని చూస్తే అర్థమవుతుంది. కరెంటు తీగ మీద, గేదె వీపు మీద, చేలో పాతిన కర్ర మీద కూర్చునే నల్లటి పిట్ట, లోతైన చీలిక ఉన్న తోక. ఏట్రింత అని కూడా అంటారు. పశువులు నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగుల్ని గాల్లోనే అందుకుంటుంది. చేలలో పురుగు ఉధృతి తగ్గడానికి పక్షి స్థావరాలు పాతమని వ్యవసాయాధికారులు చెప్పేది ముఖ్యంగా ఇలాంటి పిట్టల కోసమే. గూడు పెట్టిన రోజుల్లో దీని ధైర్యానికి హద్దుండదు. కాకి గానీ డేగ గానీ ఆ చెట్టు దగ్గరికి వస్తే వెంటపడి వీపు మీద పొడుస్తుంది. అందుకే హిందీలో దీన్ని కొత్వాల్, అంటే పోలీసు అధికారి, అంటారు. పసుపుపచ్చటి వంగపండు పిట్టలు, పావురాలు, బుల్బుల్ పిట్టలు ఏరికోరి దీని గూటికి దగ్గర్లో గూళ్లు పెట్టుకోవడం చాలామంది గమనించారు. పోలీస్ స్టేషన్ పక్కన ఇల్లు కట్టుకున్నట్టు. దీనికీ మీ పిట్టకీ తేడా తేలిక. పసులపోలిగాడికి నుదుటి కుచ్చు ఉండదు. దగ్గర్నుంచి చూస్తే నోటి మూల చిన్న తెల్లచుక్క కనిపిస్తుంది. అన్నిటికీ మించి అది బయలు పిట్ట, దట్టమైన అడవి దానికి గిట్టదు. రాకెట్ తోకది చెట్ల కింది నీడ. నల్లమలలో అయినా, మారేడుమిల్లి వైపు అయినా, దాన్ని తేమ ఉన్న లోయల్లో, వెదురు పొదల దగ్గర, వాగుల పక్కన వెతకాలి.

భారతదేశ ప్రధాన భూభాగంలో డ్రోంగో జాతులు ఎనిమిది. అండమాన్‌లో మాత్రమే ఉండే అండమాన్ డ్రోంగోను కలిపితే తొమ్మిది. అన్నీ మీకు ఇక్కడ దొరకవు కాబట్టి ఎదురుపడేవాటి గురించే రాస్తాను. తెల్లపొట్ట డ్రోంగో పొడి అడవుల్లో ఉంటుంది, పేరే గుర్తు. బూడిద రంగు డ్రోంగో చలికాలం అతిథి, హిమాలయాల వైపు నుంచి దిగుతుంది. కళ్లు ఎర్రగా నిప్పుకణికల్లా ఉంటాయి. దూరం నుంచి, ఎండ ఎదురుగా ఉంటే దీన్నీ పసులపోలిగాడినీ విడదీయడం నాకు ఇప్పటికీ కష్టమే. కంచు డ్రోంగో చిన్నది, అడవి పైకప్పుకు కాస్త కిందుగా కూర్చుని, ఎండ తగిలితే ఉక్కు ముక్కలా మెరుస్తుంది.

జుట్టు కుచ్చు డ్రోంగో మాత్రం వేరే కథ, దీని దగ్గర కాసేపు ఆగాలి. నుదుటి మీద కుచ్చుకు బదులు వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు వీపు వైపు వాలి ఉంటాయి. అవి బాగా దగ్గరైతే తప్ప కనపడవు. తోక చివర దాదాపు తిన్నగా కత్తిరించినట్టు ఉండి, బయటి రెండు మూలలూ పైకి చుట్టుకుని ఉంటాయి, పాత కాలపు సినిమా విలన్ మీసం లాగా. మిగతా డ్రోంగోలు ప్రధానంగా పురుగుల మీద బతుకుతాయి. ఇది తేనెకు పడి చస్తుంది. బూరుగ చెట్టు పూసినప్పుడు దాని కింద ఒక పూట కూర్చుంటే ఈ పిట్టలు గుంపుగా వచ్చి పువ్వుల్లో తలలు దూర్చడం చూడొచ్చు. చైనాలో పరిశోధకులు దీని గురించి ఇంకో వింత గమనించారు. పిల్లలు ఎగిరిపోయాక తల్లిదండ్రులు తమ గూటిని తామే పీకి పారేస్తాయి. మంచి కొమ్మ మీద వచ్చే ఏడాదికి ఇంకొకరు కన్నేయకుండా ఉండటానికి కావచ్చంటారు. రాకెట్లు రాలిన మీ పిట్టను ఈ జాతి అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి తోక మూలలు చూసుకోండి. చుట్టుకుని ఉంటే జుట్టు కుచ్చుది.

"చిన్న రాకెట్ తోక" అని ఒకటుందట, మాది అదేమో అని మీరు రాశారు. కాదు. అది హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, అక్కణ్ణించి ఆగ్నేయాసియాలో ఉండే పక్షి, నల్లమలకు రాదు. ఎప్పుడైనా అటు వెళ్తే తేడా తెలియాలి కాబట్టి చెప్తున్నాను. దాని బిళ్ళలు మెలితిరగవు, ఈనెకు రెండు వైపులా సమానంగా బల్లపరుపుగా ఉంటాయి. అసలు తోక చివర చీలిక లేకుండా తిన్నగా ఉంటుంది. నుదుటి మీద లేచిన కుచ్చు ఉండదు, ముక్కు మొదట్లో చిన్న గడ్డి దుబ్బులా ఈకలు పేర్చినట్టు ఉంటాయి. "రాకెట్ ఉంది కాబట్టి ఫలానా" అనేయడం అక్కడ పనికిరాదు. ఆ మాటకొస్తే ప్రపంచంలో రాకెట్ తోకలు వేసుకున్న పక్షులు చాలా ఉన్నాయి. అమెరికా ఖండపు మోట్‌మోట్‌లు, ఫిలిప్పీన్స్ వైపు ఒక చిలకల ప్రజాతి, ఒక తేనెపిట్టంత హమ్మింగ్‌బర్డ్. వీటికి ఒకదానితో ఒకటి చుట్టరికమే లేదు. మోట్‌మోట్ తోకలో అయితే ఈక పూర్తిగా పెరిగాక మధ్యలోని బలహీనమైన నారలు రాలిపోయి రాకెట్ మిగులుతుంది.

చుట్టరికం మాట వచ్చింది కాబట్టి చెప్తాను, డ్రోంగోలు కాకులు కావు. ఇంగ్లీషులో పసులపోలిగాడిని కింగ్ క్రో అన్నారు గానీ అది రంగు చూసి అన్నమాట. కాకులు, మొనార్క్ పిట్టలు, విసనకర్ర తోక పిట్టలు ఉన్న పెద్ద వంశవృక్షంలో డ్రోంగోలది ఒక ప్రత్యేకమైన కొమ్మ. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియాల్లో కలిపి ఇంచుమించు ముప్ఫై జాతులు, అన్నీ ఒకే ప్రజాతి. ఒకప్పుడు న్యూగినీ పిట్ట ఒకదాన్ని కూడా పిగ్మీ డ్రోంగో అని ఈ ఇంట్లోనే లెక్కేశారు. అయితే డ్రోంగోలకు తోకలో పది ఈకలే ఉంటాయి, దానికి పన్నెండు. జన్యువులు చూశాక అది డ్రోంగో కాదని తేలింది, విసనకర్ర తోకల వైపు చుట్టమన్నారు. తోక లెక్క ఒక్కోసారి పనికొస్తుందన్నమాట, కాకపోతే చూడాల్సింది అందాన్ని కాదు, ఈకల సంఖ్యని. డ్రోంగో అనే మాట మడగాస్కర్ భాషది. ఆస్ట్రేలియాలో అదే మాట తెలివితక్కువవాడికి తిట్టు. 1920లలో డ్రోంగో అనే పేరున్న ఒక పందెపు గుర్రం 37 పందేలు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదట, తిట్టు దాన్నుంచి వచ్చిందంటారు. అసలు పిట్ట తెలివి తెలిస్తే ఆ తిట్టు ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఆ డేగ అరుపు. ఒక సొంత అనుభవం చెప్పి మొదలుపెడతాను. నేను పక్షుల్ని చూడటం మొదలుపెట్టిన కొత్తలో, చూడలేకపోయినా గొంతు విని నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ఉండేది. ఒక పొద్దున ఒక వాగు పక్కన కూర్చుని, శిక్రా డేగ, వంగపండు, పాములు తినే గద్ద, బెట్టుడుత హెచ్చరిక అరుపు, ఇంకేదో బాబ్లర్ అని వరసగా రాసుకున్నాను. చాలా సంతోషించాను, కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఇన్ని దొరికాయని. అరగంట తర్వాత ఎదురుగా ఎండిన కొమ్మ మీద ఒక రాకెట్ తోక డ్రోంగో కూర్చుని ఆ జాబితా మొత్తం మళ్లీ మొదట్నుంచి వినిపించింది. పేజీ అంతా కొట్టేసి ఒకే ఒక్క పేరు రాశాను. అప్పట్నుంచి దట్టమైన అడవిలో ఒక్క అరుపు ఆధారంగా డేగను రాసుకోవాలంటే నాకు టెన్షనే.

అనుకరించడం చాలా పక్షులు చేస్తాయి. డ్రోంగో విషయంలో ప్రశ్న, ఊరికే చేస్తుందా, పని ఉండి చేస్తుందా అని. శ్రీలంకలోని సింహరాజ వర్షారణ్యంలో ఎబెన్ గుడేల్, శరత్ కోటగామ అనే శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకుని కూర్చున్నారు. 2006లో వాళ్లు ప్రచురించిన పరిశోధనల్లో రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఈ పిట్ట సందర్భాన్ని బట్టి అనుకరిస్తుంది. ప్రమాదం ఉన్నప్పుడు ఇతర పక్షుల ప్రమాద హెచ్చరికల్ని, వేటాడే జీవుల అరుపుల్ని కలుపుతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు ఇతర పక్షుల పాటల్ని, మామూలు పలకరింపుల్ని కలుపుతుంది. రెండోది ఇంకా బావుంటుంది. డ్రోంగో అరుపుల్ని రికార్డు చేసి అడవిలో వినిపిస్తే, అనుకరణ కలిసినప్పుడు వేరే జాతుల పక్షులు ఎక్కువగా దగ్గరికి వచ్చాయి, దాని సొంత అరుపులు మాత్రమే వినిపించినప్పుడు అంతగా రాలేదు. అంటే వాటి భాషలో వాటిని పిలుస్తోందన్నమాట.

ఎందుకు పిలవాలి? ఉష్ణమండలపు అడవుల్లో పదిపదిహేను జాతుల పిట్టలు ఒకే గుంపుగా కదులుతూ మేస్తుంటాయి. ఆకుల్ని తిరగేసేవి కొన్ని, బెరడును గోకేవి కొన్ని, నేలను తవ్వేవి కొన్ని. వీటి అలజడికి పురుగులు బయటపడి ఎగురుతాయి. డ్రోంగో పైన కూర్చుని, ఎగిరిన పురుగుని గాల్లోనే కొట్టేస్తుంది, కాలి కింద తొక్కిపట్టి చీల్చుకు తింటుంది. పక్కవాడి నోట్లోది లాక్కోవడం కూడా చేస్తుంది. వడ్రంగి పిట్టల వెనక, కోతి గుంపుల వెనక తిరిగేదీ ఇందుకే. పసులపోలిగాడికి గేదె ఏం చేస్తుందో, అడవిలో దీనికి ఈ గుంపు అదే చేస్తుంది. గేదె ఎలాగూ మేతకొస్తుంది, గుంపుని మాత్రం పోగెయ్యాలి. బదులుగా డేగ వస్తే ముందు కేక పెట్టేది డ్రోంగోనే. కాపలా పని చేస్తుంది, జీతం తానే తీసుకుంటుంది.

ఒక చిన్న సవరణ కూడా చెప్పాలి, చుట్టరికాల మీద మీకున్న ఆసక్తిని బట్టి. సింహరాజలో వాళ్లు పరిశోధించిన పిట్టను అప్పట్లో రాకెట్ తోక డ్రోంగో కిందే లెక్కేసేవారు. ఇప్పుడు శ్రీలంక తడి అడవుల్లో ఉండేదాన్ని వేరే జాతిగా, శ్రీలంక డ్రోంగోగా గుర్తిస్తున్నారు. దానికి నుదుటి కుచ్చు ఉంది, పొడవైన లోతు చీలిక తోక ఉంది, కానీ రాకెట్లు లేవు. అదే దీవిలో పొడి అడవుల్లో ఉండేదానికి మాత్రం రాకెట్లున్నాయి, అది మన జాతిదే. అంటే రాకెట్ తోక డ్రోంగో గొంతు గురించి మనకు తెలిసిన అత్యంత మంచి సంగతులు రాకెట్లు లేని పిట్ట నుంచి వచ్చాయి. తోకను నమ్ముకోవద్దని నేను ఊరికే అనడం లేదు.

ఈ వంశంలో మోసం దాకా వెళ్లిన చుట్టం ఆఫ్రికాలో ఉంది, చీలిక తోక డ్రోంగో. అది అడవి పిట్ట కాదు, కలహారి లాంటి పొడి నేలల్లో ఉంటుంది. టామ్ ఫ్లవర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వాటి వెంట తిరిగాడు. మీర్‌క్యాట్‌లనే ముంగిస జాతి చిన్న జంతువులు, బాబ్లర్ పిట్టలు మంచి పురుగుని పట్టుకోగానే ఈ డ్రోంగో డేగ వచ్చిందన్నట్టు కేక పెడుతుంది. అవి తిండి వదిలేసి పారిపోతాయి, ఇది దిగి తీసుకుపోతుంది. ఒకే కేకను మళ్లీ మళ్లీ వాడితే ఎదుటివాళ్లు నమ్మడం మానేస్తారు కదా, అప్పుడు కేక మారుస్తుంది. ఎదుటి జంతువు సొంత హెచ్చరికనే అనుకరించి వినిపిస్తుంది. 2014లో ఫ్లవర్ బృందం ప్రచురించిన దాని ప్రకారం, అవి తినే తిండిలో దాదాపు నాలుగో వంతు ఇలా కాజేసిందే. ఇది చదివి మన రాకెట్ తోకదీ అంతే అనేసేవాళ్లున్నారు. నేను అనను. మనది పక్కవాడి తిండి లాక్కోవడం నిజం, డేగ అరుపు అరవడం నిజం. మీకు వినిపించింది మాత్రం దొంగ కేక అనడానికి ఆధారం లేదు. ఆ క్షణంలో నిజంగానే చెట్ల పైన డేగ తిరుగుతూ ఉండొచ్చు. ఈసారి అలా వినిపిస్తే పిట్టను కాదు, చుట్టూ ఉన్న చిన్న పిట్టల్ని చూడండి. అన్నీ ఒక్కసారి నిశ్శబ్దమైపోయి ఆకుల్లో కదలకుండా నిలబడిపోతే నిజమైన ప్రమాదమే. ఎవరూ పట్టించుకోకుండా మేస్తూనే ఉంటే మన రాకెట్ తోకది సాధన చేసుకుంటోందన్నమాట.

ఇక వినడానికి మంచి వేళ గురించి అడిగారు. తెల్లవారకముందే. అడవిలో ఇంకా చీకటి ఉండగానే అరవడం మొదలుపెట్టే తొలి పక్షుల్లో ఇదొకటి, సాయంత్రం కూడా ఆఖర్న నోరు మూసేవాటిలో ఇదే ఉంటుంది. పొద్దున ముందుగా దాని సొంత గొంతు, లోహం మోగినట్టుండే తీయటి ఈలలు, మధ్యలో గరగరలు వస్తాయి. అనుకరణలు వాటి మధ్యలో దూరుతుంటాయి. అందుకే ఏదైనా పక్షి గొంతు ఒక్క ముక్క వినిపించి వెంటనే ఇంకో పక్షి గొంతు, ఇంకో పక్షి గొంతు, అన్నీ ఒకే కొమ్మ నుంచి వస్తే అనుమానించాలి. నిజమైన శిక్రా వరసగా అరుస్తుంది, డ్రోంగో రెండుసార్లు అరిచి వేరే దాంట్లోకి వెళ్లిపోతుంది. ఇది నా చెవి అనుభవం, తప్పని నియమం కాదు.

ఫోన్‌లో దాని అరుపు వినిపించి రప్పించొచ్చా అని కూడా అడిగారు. వద్దు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా గూళ్ల కాలం. చెట్టు కొమ్మ చీలే చోట గిన్నెలాంటి గూడు కట్టి మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. ఆ రోజుల్లో గూటి దగ్గర కొత్త డ్రోంగో గొంతు వినిపిస్తే అది పొదగడం మానేసి మీ ఫోన్ మీద యుద్ధానికొస్తుంది. ఈ జాతికి ప్రస్తుతానికి అంతరించిపోయే ప్రమాదమేం లేదు. కానీ దాని అనుకరణ శక్తి కోసమే ఒకప్పుడు పట్టి పంజరాల్లో పెంచేవారు. ఇప్పుడు అలా పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా "మాట్లాడే భీమ్‌రాజ్" అమ్ముతామంటే అటవీ శాఖకు చెప్పండి.

వీలైతే రెండో ఫొటోలో పిట్ట తలను మాత్రం కత్తిరించి పెద్దది చేసి పంపండి, ముక్కు మొదలు కనిపించేలా. నోటి మూల తెల్లచుక్క గానీ, తోక మూలల్లో చుట్ట గానీ కనిపిస్తే నేను పైన అన్నది వెనక్కి తీసుకుంటాను. మళ్లీ అదే దారిన వెళ్తే ఫోన్‌లో పది నిమిషాలు ఊరికే రికార్డింగ్ పెట్టి పక్కన కూర్చోండి. ఆ రికార్డింగ్‌లో ఎన్ని జాతులున్నాయో, వాటిలో ఎన్ని నిజమైనవో కలిసి లెక్కేద్దాం.